దగ్గర, కాఛే, నియర్

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో ‘నియర్’ అన్న మాటకు ఎదురుగా ‘దగ్గర, సమీపమున’ అని ఉంటుంది. ఇంగ్లీషు–బంగ్లా నిఘంటువులో అదే మాటకు ఎదురుగా ‘కాఛే, నికటే’ అని ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదివిన విద్యార్థి దగ్గర, కాఛే, నియర్ మూడూ ఒకే అర్థం గల మాటలని నిశ్చయించుకొంటాడు. అడుగులూ మైళ్ళూ కొలిచేటంతవరకు అది నిజమే. మనుషుల మధ్యకు వచ్చేసరికి మూడు మాటలూ మూడు దారులు పడతాయి. ఆ దారులు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలుసుకోవడం నిఘంటుకారునికి మాత్రమే కాదు, పొరుగు భాషవారితో ఒకే వీధిలో కాపురమున్న ప్రతివారికీ అవసరమే.

అటువంటి వీధులు గల ఊరు ఖరగ్‌పూర్. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఈ రైల్వే పట్టణంలో ఇందా ఒక పాత పేట. ఊరికి ఆ పేరు ఇందాలోని ఖడ్గేశ్వర శివాలయాన్ని బట్టి వచ్చిందని స్థానికులు చెబుతారు. 1949లో నెలకొన్న ఖరగ్‌పూర్ కళాశాల కూడా ఇక్కడిదే. ఈ ఊరికి తెలుగువారు రావడానికి కారణం రైలు. కటకం నుంచి వాల్తేరు వరకు గల తూర్పుకోస్తా మార్గం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. అప్పటినుంచి ఖరగ్‌పూర్ కర్మాగారమూ, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలూ ఒకే యాజమాన్యపు పట్టాల మీద ఉన్నాయి. పని వెదుక్కొంటూ వచ్చినవారు తమ కుటుంబాలను తెచ్చుకొన్నారు. కుటుంబాలు తమ మాటను తెచ్చుకొన్నాయి. విశాఖపట్నం ఇక్కడికి ఏడువందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. అయినా రాత్రి బండి ఎక్కితే తెల్లవారి చేరే ఊరు కనుక దానిని ఎవరూ దూరమని అనుకోలేదు. మరొకవైపు, ఖరగ్‌పూర్ స్టేషనులోని ప్లాట్‌ఫారం 1,072 మీటర్ల పొడవు గలది. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేవరకు ప్రపంచంలో అదే అతి పొడవైనదిగా పేరు మోసింది. దాని ఒక కొసన దిగినవాడు రెండవ కొసన నిలబడిన బంధువును కలుసుకోవడానికి మూట నెత్తిన పెట్టుకొని కిలోమీటరు నడవాలి. దగ్గర అనేది కొలబద్దతో తేలే విషయం కాదని ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా ఇంగ్లీషు మాట సంగతి. ‘నియర్’ పుట్టుకలోనే ఒక వింత ఉన్నది. ప్రాచీన ఇంగ్లీషులో సమీపాన్ని చెప్పే అసలు మాట ‘నై’. దానికి ‘ఇంకా దగ్గర’ అన్న తరతమ రూపం ‘నియర్’. ‘అన్నిటికంటె దగ్గర’ అన్న రూపం ‘నెక్స్ట్’. కాలక్రమాన మొదటిది వాడుక తప్పింది. రెండవది దాని చోటు ఆక్రమించింది. ఆ సంగతి మరచినవారు ‘నియర్’ మీద మరల ఒక ప్రత్యయం చేర్చి ‘నియరర్’ అన్నారు. ‘నెక్స్ట్’ తన చుట్టరికం విడిచి ‘తరువాతది’ అన్న అర్థంలో స్థిరపడింది. అయితే ఉద్యోగి సేవాపత్రాలలో కనిపించే ‘నెక్స్ట్ ఆఫ్ కిన్’ అన్న పదబంధంలో పాత అర్థం ఇంకా బతికి ఉన్నది. అక్కడ దాని భావం తరువాతి బంధువు కాదు, అందరికంటె దగ్గరి బంధువు. ‘నైబర్’ అన్న మాటలోని మొదటి భాగమూ ఆ పాత ‘నై’యే: దగ్గర కాపురముండేవాడు, మన పొరుగువాడు. ఒకప్పుడు పిసినారిని కూడా ‘నియర్’ అనేవారు. చేయి విప్పనివాడికి సామీప్యంతో ఏమి పని అని ఆశ్చర్యపడనక్కరలేదు. ‘క్లోజ్’ అన్న మాటకూ దగ్గర, మూసిన, లోభి అన్న మూడు అర్థాలూ ఉన్నాయి.

ఇన్ని అర్థాలున్నా ఇంగ్లీషు ‘నియర్’ చేయని పని ఒకటున్నది. అది సొమ్మును పట్టుకోదు. ‘నా దగ్గర పది రూపాయలున్నాయి’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘నియర్’ పనికిరాదు. ‘హావ్’ అన్న క్రియ కావాలి. ఆ ఒక్క క్రియ డబ్బుకూ, అన్నదమ్ములకూ, జ్వరానికీ, పొలానికీ సరిపోతుంది. మన భాషలకు అంత ఉదారమైన క్రియ లేదు. చేతికందేటట్టు ఉన్న వస్తువు మన ‘దగ్గర’ ఉంటుంది. తోబుట్టువులు మాత్రం ‘నాకు’ ఉంటారు. ‘నాకు ఇద్దరన్నలు’ అంటే చుట్టరికం. ‘నా దగ్గర ఇద్దరన్నలున్నారు’ అంటే వారు వచ్చి నా ఇంట ఉంటున్నారని. ఈ సూక్ష్మభేదాన్ని ఎవరూ వ్యాకరణం చదివి నేర్చుకోరు. మూడేళ్ళ పిల్లవాడు కూడా తప్పడు.

ఇప్పుడు బంగ్లా చూడండి. డబ్బు విషయంలో ‘ఆమార్ కాఛే టాకా ఆఛే’. అన్నదమ్ముల విషయంలో కాఛే మాయమై ‘ఆమార్ దుయి భాయి’. హిందీలో ‘మేరే పాస్ పైసా హై’, కాని ‘మేరే దో భాయీ హైం’. ఒడియావారు ‘మో పాఖరే టంకా అఛి’ అంటారు. కన్నడిగుల ‘నన్న హత్తిర’, తమిళుల వాడుకలోని ‘ఎన్ కిట్ట’ కూడా మన ‘నా దగ్గర’ వంటివే. మాటలు వేరు, వాటి మూలాలు వేరు. హిందీ ‘పాస్’ సంస్కృత ‘పార్శ్వం’ నుంచి వచ్చింది, అనగా శరీరపు పక్క. ఒడియా ‘పాఖ’ ‘పక్షం’ నుంచి వచ్చింది, అదీ పక్కయే. మన ‘కడ’కు కొస, అంచు అని అర్థం. తెలుగు ద్రావిడ భాష. బంగ్లా, ఒడియా, హిందీ ఇండో–ఆర్య భాషలు. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణాన్ని ప్రకటించినప్పటినుంచి ఈ రెండు కుటుంబాలూ వేరని పండితలోకం అంగీకరించింది. నూరేళ్ళ తరువాత, 1956లో, ఎమెనో అనే అమెరికా పండితుడు మరొక సంగతి చెప్పాడు: పుట్టుక వేరైనా యుగాల తరబడి ఒకే నేల మీద కలిసి బతికిన భాషలు పరస్పరం పోలికలు తెచ్చుకొంటాయని, ఆ దృష్టితో భారతదేశం ఒక భాషామండలమని. ఆయన చూపిన ఉదాహరణలు వేరు. నా మట్టుకు నాకు ‘దగ్గర’ కూడా ఆ వాదానికి సాక్ష్యం చెప్పగల మాటే అనిపిస్తున్నది.

సాక్ష్యం డబ్బుతో ఆగదు. మనం డాక్టరు దగ్గరికి వెళతాము. బంగ్లావారు ‘డాక్తారేర్ కాఛే’ వెళతారు. మనం ఇరుగుపొరుగుల దగ్గర అప్పు తెస్తాము. వారూ కాఛేలోనే తెస్తారు. మనం గురువు దగ్గర సంగీతం నేర్చుకొంటాము. వారు ‘గురుర్ కాఛే’ పాట నేర్చుకొంటారు. ఇంగ్లీషులో ఈ మూడింటికీ మూడు వేరు విభక్త్యర్థకాలు కావాలి. మూడింటిలో ‘నియర్’ ఒక్కచోటైనా ఇమడదు. విద్య పొందడమంటే దగ్గర కూర్చోవడమే అన్న భావం ఈ దేశంలో పాతది. శిష్యుని గురువు చెంతకు చేర్చే సంస్కారం ఉపనయనం. గురువు సమీపాన కూర్చోవడమని ఉపనిషత్తుకు ఒక వ్యుత్పత్తి. ఉపవాసమన్నా మూలార్థంలో దగ్గర వసించడమే, పస్తుండటం తరువాత వచ్చిన అర్థం.

ఇంత పోలిక ఉన్నది కనుకనే తేడాలు మనిషిని మోసం చేస్తాయి. తెలుగులో ‘ఇంటి దగ్గర ఎవరున్నారు?’ అంటే ఇంట్లో ఎవరున్నారని. ‘నాన్న ఇంటి దగ్గర ఉన్నాడు’ అన్న వాక్యాన్ని మాటకు మాట బంగ్లా చేసి ‘బాడిర్ కాఛే’ అంటే, విన్నవాడు ఆ పెద్దమనిషిని ఇంటి చుట్టుపక్కల సందులలో వెదుకుతాడు. వారు ఇంట్లో ఉండటాన్ని ‘బాడీతే’ అంటారు. బంగ్లాలో మరొక వాడుక ఉన్నది. ‘ఆమార్ కాఛే ఎటా బడో కథా’ అంటే ‘నాకు ఇది పెద్ద విషయం’. నా దృష్టిలో అని భావం. అక్కడ మనం ‘నా దగ్గర’ అనము. ఒకరితో పోల్చి తగ్గించుకొనేటప్పుడు వారు కాఛే అంటారు, మనం ‘ఆయన ముందు నేనెంత’ అంటాము. మనకు సన్నిధిలో దగ్గర కంటె ముందు వినయంగా తోచింది కాబోలు.

ఖరగ్‌పూర్ తెలుగువారి నోట ఈ మాట ‘దగ్గర’గా కంటె ‘కాడ’గా ఎక్కువ వినిపించడం సహజం. ఉత్తరాంధ్ర పల్లెలలో ‘నాకాడ నేదు’ అనే పలుకుబడి సర్వసామాన్యం. ఇక్కడి కుటుంబాలలో అధికభాగం అక్కడినుంచి వచ్చినవే. కాడకూ కాఛేకూ జన్యసంబంధం ఏమీ లేదు. అయినా చెవికి రెండూ ఒకే ధ్వనితో మొదలవుతాయి, నోటికి ఒకే పని చేస్తాయి. రెండు భాషలూ వీధిలోనే నేర్చుకొనే పిల్లవానికి ఇంతకంటె సులభమైన వంతెన దొరకదు. పట్టణ శిష్టులు కాడను మోటు మాటగా భావించి బిడ్డల చేత మాన్పించాలని చూడటం నాకు సమంజసంగా తోచదు.

అన్ని తేడాలలోకీ బరువైనది వివాహ విషయంలో ఉన్నది. తెలుగువారు ‘దగ్గర సంబంధం’ అంటే, చాలా కులాలలో, మేనమామ కూతురును గాని మేనత్త కొడుకును గాని చేసుకోవడం. ఆ మాటలో మెప్పు ఉన్నది: తెలిసిన ఇల్లు, అయినవాళ్ళు, పిల్ల కళ్ళముందే ఉంటుంది. బంగ్లాలో మేనమామ కూతురును ‘మామాతో బోన్’ అంటారు. ‘బోన్’ అంటే తోబుట్టువు. మనకు మరదలైన పిల్ల వారికి మాటలోనే చెల్లెలు. కనుక పెళ్ళిపందిట్లో తెలుగు కుటుంబం ‘మాది దగ్గర సంబంధం’ అని సంతోషంగా చెప్పి, వరుడు వధువు మేనత్త కొడుకని వివరించినప్పుడు పొరుగింటి బెంగాలీ అతిథి నిర్ఘాంతపోవడంలో వింత లేదు. ఆయన సంప్రదాయంలో దగ్గరి బంధుత్వమే వివాహానికి అడ్డు. ఇంగ్లీషును ఆశ్రయిస్తే చిక్కు మరింత ముడిపడుతుంది. ‘కజిన్’, ‘నియర్ రెలెటివ్’ అన్న మాటలు మరదలినీ చెల్లెలినీ ఒకే గాటన కట్టివేస్తాయి.

ఈ భేదాన్ని చట్టం గుర్తించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ బాంధవ్యంలోను, సపిండులలోను వివాహాన్ని కాదన్నది. తల్లి వైపు మూడు తరాలు, తండ్రి వైపు ఐదు తరాలు లెక్క కట్టింది. వెంటనే, ఇరుపక్షాలవారికి వర్తించే ఆచారం అనుమతిస్తే తప్ప అని ఒక మినహాయింపు చేర్చింది. ఆ ఒక్క ఉపవాక్యం లేకపోతే దక్షిణాదిలో లెక్కలేనన్ని పెళ్ళిళ్ళు చెల్లకుండా పోయేవి. ఒకే చట్టంలో బెంగాలీ పొరుగువాని నిషేధమూ, తెలుగువాని ఆచారమూ రెండూ ఇమిడి ఉన్నాయి. దగ్గరి రక్తసంబంధంలో వివాహం వలన కొన్ని వంశానుగత వ్యాధులు సంతానానికి సంక్రమించే అవకాశం పెరుగుతుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఆ హెచ్చరిక పాటించదగినదే. కాని అది వైద్యుని మాట. నడవడిని శంకించే మాటగా దానిని పొరుగువాడు వాడకూడదు, పొరుగువాని విస్మయాన్ని అవమానంగా మనమూ తీసుకోకూడదు.

ఇక పిల్లల సంగతి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య గరపడానికి తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయాలని రాజ్యాంగపు 350ఎ అధికరణం చెబుతున్నది. అది 1956లో చేరింది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వడానికి ఆమోదించింది. ప్రతిపత్తి వచ్చినంత మాత్రాన పలక మీద అక్షరాలు వాటంతటవి పడవు. 2003లో వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వే నుంచి తూర్పుకోస్తా రైల్వేకు మారింది. ఖరగ్‌పూర్ ఆగ్నేయ రైల్వేలోనే ఉండిపోయింది. ఒకే పాలన కింద ఉద్యోగులు అటునిటు మారుతుండిన నాటి రాకపోకలు ఆ మేరకు తగ్గాయి. మూడవ, నాలుగవ తరం పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేని ఇళ్ళు ఇటువంటి పట్టణాలలో పెరుగుతాయి. వారికి తెలుగునుంచి బంగ్లాకూ, బంగ్లానుంచి తెలుగుకూ పోవడానికి చేతికందే సాధనం ఇంగ్లీషు నిఘంటువు ఒక్కటే అయితే, డాక్టరు దగ్గరికి వెళ్ళినా, గురువు దగ్గర నేర్చినా అది ‘నియర్’ దాకా తీసుకుపోయి అక్కడ వదలివేస్తుంది.

దీనికి పెద్ద ప్రణాళికలు అక్కరలేదు. ఇరుభాషలూ తెలిసిన ఉపాధ్యాయుడు ఇంగ్లీషు జోక్యం లేకుండా నేరుగా ఒక వాడుక పట్టిక వ్రాయవచ్చును. ఎడమవైపు తెలుగు, కుడివైపు తెలుగు లిపిలోను బంగ్లా లిపిలోను బంగ్లా. ‘నాకాడ డబ్బుంది’కి ఎదురుగా ‘ఆమార్ కాఛే టాకా ఆఛే’. ‘డాక్టరు కాడికి’ అన్నదానికి ‘డాక్తారేర్ కాఛే’. ‘ఇంటికాడ’ అన్నచోట ఆగి, కాఛే కొట్టివేసి, ‘బాడీతే’ అని వ్రాయాలి. ‘నాకు ఇద్దరన్నలు’ అన్నదానికి ‘ఆమార్ దుయి దాదా’. ‘మేనమామ కూతురు’ అన్న వరుసకు వచ్చేసరికి కుడివైపు గడిలో ఒక్క మాట సరిపోదు. ‘మామాతో బోన్’ అని వ్రాసి, ఆ కిందనే రెండు భాషలలోనూ నాలుగైదు వాక్యాల వివరణ చేర్చవలసి వస్తుంది.