కొండ కింది కచేరీ

తిరుపతి అనగానే అందరి చూపూ కొండ మీదికే పోతుంది. ఆ కొండకు వచ్చిపోయే జనం తొక్కిన వీధుల్ని తెల్లారేసరికి ఊడ్చిపెట్టే బాధ్యత మాత్రం తిలక్ రోడ్డులోని ఓ ఆఫీసుది. 1886లో పుట్టిన ఆ ఆఫీసు కథలో 14 ఏళ్ల ఖాళీ ఒకటుంది!

బిడ్డ పుడితే జనన ధ్రువపత్రం. ఇల్లు కట్టాలంటే ప్లాను. కట్టాక ఆస్తిపన్ను, కుళాయి కనెక్షను. వీధి మొగలో హోటలు పెడితే ట్రేడ్ లైసెన్సు. ఆఖరికి మనిషి పోయాక మరణ ధ్రువపత్రం... తిరుపతిలో కాపురమున్నవాళ్లు కొండెక్కడం మానినా మానొచ్చుగానీ ఈ ఆఫీసు మెట్లెక్కకుండా మాత్రం రోజులు గడవవు. కార్పొరేషన్ అయి ఇన్నేళ్లయినా ఊళ్లో పెద్దవాళ్ల నోట అదింకా ‘మునిసిపాలిటీ’యే.

దీని పుట్టుక వెనక ఓ తెల్లదొర ఉన్నాడు. ఊరి పనులు ఊరివాళ్లే చూసుకోవాలంటూ వైస్రాయ్ రిప్పన్ 1882లో తీర్మానం చేశాడు. దాని వెంటే 1884లో మద్రాసు రాజధానిలో జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే 1886 ఏప్రిల్ 1న తిరుపతి మునిసిపాలిటీ ఏర్పడింది. దీపాలు, వీధులు, పారిశుద్ధ్యం, టీకాలు, చిన్న బడులు... అప్పటి మునిసిపాలిటీల పనులివి. యాత్రికులు గుమిగూడే ఊళ్లంటే ఆనాటి సర్కారుకు కలరా బెంగ. ఇక ప్రజాస్వామ్యం సంగతంటారా? ఓటు పన్ను కట్టేవాళ్లకే. సభ్యుల్లో కొందరిని సర్కారే నియమించేది.

తమాషా ఏమిటంటే, ఈ ఆఫీసు ఊరు దాటకుండానే మూడు జిల్లాలు మారింది! పుట్టినప్పుడు ఉత్తర ఆర్కాడు జిల్లా, దాని కలెక్టరు ఉండేది చిత్తూరులో. 1911లో చిత్తూరే జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చింది. అప్పటిదాకా కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే తిరుపతి వాళ్లు చిత్తూరు బస్సెక్కాల్సిందే. కొత్త కలెక్టరేటు కోసం ఎక్కడెక్కడో వెతక్కుండా తిరుచానూరులోని టీటీడీ భవనం పద్మావతి నిలయాన్ని తీసుకున్నారు. ఈ ఊళ్లో ఏ దారి పట్టినా టీటీడీ గడపకే చేరుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి!

లెక్క కుదరని ఊరు

1901 జనాభా లెక్కల్లో తిరుపతిలో ఉన్నది 15,485 మంది. 2011కి వచ్చేసరికి 2.87 లక్షలు. రైలు అంతకుముందే వచ్చింది. 1944లో ఘాట్ రోడ్డు పడింది. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. దాహం తీర్చడానికి 1977లో కళ్యాణి డ్యామ్, అదీ చాలక తెలుగుగంగ నీళ్లూ కావాల్సి వచ్చాయి.

అసలు చిక్కు ఈ అంకెల్లో కనిపించని జనంతోనే. తిరుమలకు మామూలు రోజుల్లోనే 60 నుంచి 80 వేల మంది వస్తారు. బ్రహ్మోత్సవాలప్పుడు చెప్పక్కర్లేదు. వాళ్లలో ఎక్కువమంది కింది ఊళ్లో దిగి, తిని, నీళ్లు వాడుకుని, చెత్త వదిలి వెళ్లేవాళ్లే. వాళ్లకిక్కడ ఇల్లు లేదు, ఆస్తిపన్ను లేదు, ఓటూ లేదు. కొండ మీద పారిశుద్ధ్యం టీటీడీ చూసుకుంటుంది. కింద చీపురు పట్టాల్సింది కార్పొరేషనే. పైగా మే నెలలో గంగమ్మ జాతర! వేషాలు వేసుకుని ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది.

ఈ ఖర్చులో కొంత దేవస్థానం భరించాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. 2023 అక్టోబరులో టీటీడీ బోర్డు తన వార్షిక బడ్జెట్‌లో ఒక శాతాన్ని తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించింది. ‘భక్తులు హుండీలో వేసిన సొమ్ము ఊరి కాలువలకా?’ అని విమర్శలు చెలరేగాయి. ప్రభుత్వం ఒప్పుకోలేదు. భక్తుడి అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. కానీ ఆ భక్తుడు తాగి పడేసిన నీళ్ల సీసాను ఎత్తేది కొర్లగుంటలోనో జీవకోనలోనో పన్ను కట్టే మనిషి సొమ్ముతోనే కదా! ఈ తగువు ఇంకా తేలాల్సే ఉంది.

మేయరు లేని కార్పొరేషన్

2007 మార్చి 2న మునిసిపాలిటీ కాస్తా నగరపాలక సంస్థ అయింది. బోర్డు మారింది. కుర్చీలో మేయరు మాత్రం లేరు. ఏడాది, రెండేళ్లు కాదు... 14 ఏళ్లు!

పట్టణ పాలకమండలికి ఐదేళ్లే గడువనీ, అది తీరేలోగా ఎన్నికలు జరపాలనీ 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. అయినా 2014లో రాష్ట్రమంతా మునిసిపల్ ఎన్నికల సందడిలో ఉంటే విశాఖపట్నం, గుంటూరు, శ్రీకాకుళంతో పాటు తిరుపతి కూడా చూస్తూ ఉండిపోయింది. 2012లో కార్పొరేషన్ అయిన చిత్తూరు ఆ ఎన్నికల్లోనే మేయర్ని చూసుకుంది. వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు!

ఆ కాలంలో ఆఫీసు మూతపడలేదు. అధికారులున్నారు, పన్నులు వసూలయ్యాయి, తిరుపతి 2016లో స్మార్ట్ సిటీగానూ ఎంపికైంది. లేనిదల్లా అడిగే మనిషి. వీధి దీపం ఆరిపోతే టీ కొట్టు దగ్గర కార్పొరేటర్ని నిలదీయొచ్చు. ఓట్ల భయంతోనైనా అతడు కదులుతాడు. కమిషనరు ఎంత మంచివారైనా బదిలీ మీద వెళ్లిపోయేవారే. ఏ వీధికి ముందు రోడ్డెయ్యాలి, పన్ను ఎంత పెంచాలి అన్నవి పదిమంది ముందు వాదించుకుని తేల్చుకోవాల్సిన సంగతులు. అవన్నీ ఫైళ్ల మీద సంతకాలతో సరిపోయాయి.

విచిత్రంగా, కార్పొరేటరు కంటే ముందు ఆఫీసే వీధిలోకి వచ్చింది. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. పరిపాలన, సౌకర్యాలు, పారిశుద్ధ్యం, ప్లానింగ్, సంక్షేమం, ఆరోగ్యం... ఇలా ఒక్కో పనికి ఒక్కో కార్యదర్శి. తిలక్ రోడ్డు దాకా ఆటో పెట్టుకుని వెళ్లే పనులు కొన్ని ఇంటి దగ్గరికే చేరాయి. 2024 జులై నుంచి నెల మొదట్లో తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టిందీ ఈ సిబ్బందే. అయితే కార్యదర్శి ఉద్యోగి. పై నుంచి వచ్చిన ఆదేశం అమలు చేస్తాడు. ఆ ఆదేశం బాగోలేదని సభలో లేచి చెప్పడం అతడి పని కాదు.

ఎట్టకేలకు 2020 మార్చిలో నామినేషన్లు పడ్డాయి. అంతలో కరోనా! ఏడాది ఆగి 2021 మార్చి 10న పోలింగు జరిగింది. 50 డివిజన్లలో చాలా చోట్ల ఏకగ్రీవాలే. ఇన్నేళ్లు ఎదురుచూసి ఓటేసే అవకాశమే రాని వీధులు ఎన్నో! మార్చి 18న వైద్యురాలు డాక్టర్ శిరీష నగర తొలి మేయరయ్యారు.

ఎనిమిది నెలలకే పరీక్ష. 2021 నవంబరు 18న మొదలైన కుండపోతకు కొండ నుంచి నీళ్లు ఊరి మీద పడ్డాయి. కాలనీలు మునిగాయి. ఎం.ఆర్.పల్లె వైపు కృష్ణానగర్‌లో ఓ ఇంటి భూగర్భ నీళ్ల తొట్టి సిమెంటు వరలతో సహా నేలను చీల్చుకుని పైకి లేచింది. వింత చూడ్డానికి జనం ఎగబడ్డారు. వింత సరే, వాగుల దారిలోకి ఇళ్లెలా వచ్చాయన్న ప్రశ్నా అప్పుడే లేచింది. ప్లాను మీద సంతకం పెట్టాల్సిందీ, కాలువలో పూడిక తీయాల్సిందీ ఒకే ఆఫీసు. కాకపోతే ఈసారి ఫోను చేసి కేకలేయడానికి ప్రతి వీధికీ ఒక పేరుంది.

ఆ పాలకమండలి ఐదేళ్ల గడువు 2026 మార్చి దాకా. అంటే కార్పొరేషన్‌గా తిరుపతి గడిపిన మొదటి 19 ఏళ్లలో మేయరు ఉన్న కాలం ఐదేళ్లే!