పరిశోధన పత్రికకు సాఫ్ట్‌వేర్: రాయించుకోవడమా, సిద్ధంగా ఉన్నదాన్ని వాడుకోవడమా?

తెలుగు శాఖ ఒకటి అంతర్జాల పరిశోధన పత్రికను ప్రారంభించదలచినప్పుడు, వ్యాసాలను స్వీకరించి, సమీక్షకు పంపి, సంచికలుగా ప్రచురించే సాఫ్ట్‌వేర్‌ను ప్రత్యేకంగా రాయించుకోవాలా, సిద్ధంగా ఉన్నదాన్ని వాడుకోవాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఖర్చు, రూపం, సౌలభ్యం చూసి నిర్ణయించడం పరిపాటి. పదేళ్ల తరువాత ఆ వ్యాసాలు ఎవరి అధీనంలో ఉంటాయన్నది అంతకంటే ముందు ఆలోచించదగిన విషయం. వ్యాసం అంతర్జాలంలో కనిపించకుండా పోతే, దానిని ఉటంకించిన సిద్ధాంతగ్రంథం కూడా ఒక ఆధారాన్ని కోల్పోతుంది.

సిద్ధ సాఫ్ట్‌వేర్లలో ఈ పనికే పుట్టినది ఓపెన్ జర్నల్ సిస్టమ్స్. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ విలిన్‌స్కీ 1998లో ఆరంభించిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్టు దీనిని రూపొందించింది. సమర్పణ మొదలు సంచిక కూర్పు వరకు అన్ని దశలూ ఇందులో ఉన్నాయి. వ్యాస వివరాలను ఇతర సూచికలు యాంత్రికంగా సేకరించుకునే ఓఏఐ-పీఎంహెచ్ పద్ధతి కూడా ఉంది. రాయించుకునేటప్పుడు ఇటువంటి సౌకర్యం కావాలని అడగడం సంపాదకులకు తట్టకపోవచ్చు. అడగనిదాన్ని ప్రోగ్రామరు చేర్చడు. సాఫ్ట్‌వేర్ ఉచితమే గాని సర్వరు అద్దె, నిర్వహణ శ్రమ ఉచితం కావు. 2016లో మూడవ రూపం వెలువడినప్పుడు, రెండవ రూపం కోసం చేసుకున్న సొంత మార్పులను మళ్లీ చేసుకోవలసి వచ్చింది.

తెలుగుకు సంబంధించిన చిక్కులు వేరు. వర్డ్‌ప్రెస్‌లో శీర్షిక నుంచి ఏర్పడే చిరునామాకు 200 స్థానాల పరిమితి ఉంది. యూనికోడ్‌లోని ఒక్కొక్క తెలుగు సంకేతం అక్కడ 9 స్థానాలు తీసుకుంటుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో 6 సంకేతాలున్నాయి కనుక దానికే 54 స్థానాలు కావాలి. ‘ఆధునిక తెలుగు కవిత్వంలో’ అని మొదలయ్యే శీర్షిక ఆ మూడు మాటలతోనే ఆగిపోతుంది. మన పత్రికలలో అలా మొదలయ్యే వ్యాసాలకు కొదవ లేదు! వాటిని ఒకదాని నుంచి ఒకటి వేరుచేసేది చివర చేరే అంకె మాత్రమే. వ్యాస సంఖ్యలతో చిరునామాలు ఏర్పడేలా మొదటిరోజే అమర్చుకుంటే ఈ ఇబ్బంది తొలగుతుంది. దీనికోసం కొత్త సాఫ్ట్‌వేర్ రాయించనక్కరలేదు.

యూనికోడ్‌లోకి మారని పాత ఫాంట్లలో వచ్చే వ్యాసాలను మార్చడం, కంటికి కనబడని విభజక సంకేతం ఉన్నా లేకున్నా ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటను వెతికి పట్టుకోవడం వంటి వాటికి మాత్రం సొంత రచన అవసరమవుతుంది. వాటిని సిద్ధ వ్యవస్థకు చిన్న అనుబంధాలుగా రాయించడం మేలు. వ్యవస్థ మొత్తాన్ని రాయించవలసిన సందర్భాలు అరుదు. తాళపత్ర ప్రతుల పాఠాంతరాలను పద్యపాదాల వారీగా పోల్చి చూపే సంకలనం అటువంటిది. వ్యాసం, సంచిక అనే చట్రంలో ఆ సమాచారం ఇమడదు.

అలా రాయించుకునే సంస్థ డొమైన్ పేరును ప్రోగ్రామరు పేరున కాక తన పేరునే నమోదు చేసుకోవాలి. మూల సంకేతాన్ని, దాని వివరణ పత్రాన్ని చివరి చెల్లింపుకు ముందే తీసుకోవాలి. సమాచారమంతటినీ ఎవరైనా చదవగల సాధారణ రూపంలో ఏటా ఒకసారి బయటకు తీసి, మరొక కంప్యూటరులో తెరిచి, తెలుగు లిపి చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో సరిచూడాలన్న నిబంధనను ఒప్పందంలోనే చేర్చాలి.