పాటలు నేర్పు మగతనము

పాట వినోదమునకు మాత్రమే కాదు. పురుషుడనగా ఎట్లుండవలయునో అది పిల్లల చెవులలో వేయుచుండును. మన సీమలో పేరుపడిన రెండు కథాగేయములను ఇచ్చట పరిశీలింతము.

మొదటిది నరసింహారెడ్డి పాట. నేటి నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడకు చెందిన ఈ వీరుడు 1846లో కుంపిణీ దొరతనముపై తిరుగబడి కోయిలకుంట్ల ఖజానాపై దాడి వెడలెను. 1847లో ఆయనను ఆ కోయిలకుంట్లలోనే ఉరిదీసిరి.

రెండవది బుడ్డా వెంగళరెడ్డి పాట. ఈయనదియు ఉయ్యాలవాడయే. 1866 నాటి కరవులో తన ధాన్యముతో అన్నార్తుల ప్రాణములు నిలిపెను. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకము నొసగెను.

ఒకరిని దొరతనము చంపెను, ఒకరిని మెచ్చెను. జనులు మాత్రము ఇరువురిని పాడిరి. కావున వారి కొలత దొరతనపు కొలత కాదు. పరులకొరకు నిలిచినవాడే వారికి పురుషుడు. 2019లో వెలువడిన చలనచిత్రము మొదటివాని కీర్తిని దేశమంతట చాటెను. అన్నదాతకు అంతటి ప్రచారము కలుగలేదు. కత్తి కంటికి కనబడినంతగా గంజికుండ కనబడదు కాబోలు.

అయినను ఒక చిక్కు కలదు. ఒకనికి బలగముండెను; ఒకనికి గాదెలుండెను. ఈ రెండును లేనివాని మాటయేమి? ఎమ్మిగనూరులో మగ్గపు గుంటలో కూర్చుండి నేయువాడును, వానలు తప్పినయేట ఆదోని ప్రాంతమునుండి ఆలుబిడ్డలతో గుంటూరు మిరపచేలకు కూలికి పోవువాడును పురుషులు కారా? “మగవాడవు, ఏడువకుము” అని పెరిగినవాడు, పెట్టలేని దినమున తన మగతనమే పోయినదని తలచి, అప్పును ఇల్లాలికి సైతము దాచి లోలోన క్రుంగును.

స్త్రీలు తిరుగలి కడ పాడుకొను పాటలలో వేరొక పురుషుడు కనబడును. అతడు చెల్లెలిని పుట్టింటికి తోడుకొనిపోవుటకై వచ్చు అన్న. వానికి కత్తి లేదు, గాదె లేదు. తోబుట్టువు కష్టము తెలిసిన మనసు కలదు. అట్లే 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పినప్పుడు, ఒంటరిగా నిలువలేనివారు కలిసి నిలుచుటకు దారి యేర్పడెను.

విద్యార్థులారా! వీరుల పాటలు పాడుడు. కాని వానిలో కత్తినొక్కదానినే చూడకుడు. తలిదండ్రులారా! కష్టమును చెప్పుకొనుట పిరికితనము కాదనియు, సాయమడుగుట సిగ్గు కాదనియు కుమారులకు నేర్పుడు. కరవునాడు అన్నము పెట్టినవాడెంత పురుషుడో, ఆలుబిడ్డలకొరకు ఆ అన్నమునకై చేయి చాచినవాడును అంతే పురుషుడు.