క్యారెట్‌ వేరు... మాత్ర వేరు!

కూరగాయలూ పండ్లూ బాగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ తక్కువని 1980ల నాటికే చాలా అధ్యయనాలు చెప్పాయి. క్యారెట్‌కి రంగునిచ్చే, ఆకుకూరల్లోనూ దండిగా ఉండే బీటాకెరోటిన్‌ వల్లే ఈ మేలు అనుకున్నారు పరిశోధకులు. మరి దాన్నే మాత్రగా మింగితే సరిపోదూ?

అది తేల్చుకోవడానికి ఫిన్లండ్‌లో పొగతాగే మగవారిని 29,133 మందిని ఎంచుకున్నారు. వారిలో సగం మందికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటాకెరోటిన్‌ ఇచ్చారు. 1994లో ఫలితం చూసి అంతా నివ్వెరపోయారు. మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ 18 శాతం ఎక్కువ! అమెరికాలో పొగతాగేవారు, మానేసినవారు, ఆస్బెస్టాస్‌తో పనిచేసినవారు 18,314 మందితో మరో ప్రయోగం జరిగింది. అక్కడ విటమిన్‌-ఎ కూడా జోడించి ఇచ్చారు. క్యాన్సర్‌ 28 శాతం పెరగడంతో 1996 జనవరిలో గడువుకు ముందే ఆపేశారు.

ఎందుకిలా? ఓ మోస్తరు క్యారెట్‌లో బీటాకెరోటిన్‌ సుమారు అయిదు మిల్లీగ్రాములే ఉంటుంది. దానికి తోడు పీచు, పొటాషియం, విటమిన్‌-సి, ఇతర కెరోటినాయిడ్లూ ఉంటాయి. మాత్రలో ఉన్నది ఒక్కటే, అదీ మోతాదు మించి. పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో అది హాని చేసే పదార్థాలుగా విడిపోతుందని ఓ వివరణ. పైగా కూరగాయలు తినేవారికి ఇతర మంచి అలవాట్లూ ఉంటాయి. ఆ పుణ్యమంతా ఒక్క పోషకం ఖాతాలో వేయలేం.

అలాగని మాత్రలన్నీ చెడ్డవి కావు. గర్భిణులకు డాక్టర్లు రాసే ఐరన్‌, ఫోలిక్‌ ఆమ్లం మానకూడదు. పొగతాగేవారు మాత్రం బీటాకెరోటిన్‌ మాత్రల జోలికి వెళ్లకూడదు. క్యారెట్‌ వేపుడో తోటకూర పప్పో అయితే... ఎవరికీ భయం లేదు!