ఆపమని చెప్పేది పొట్టా, పళ్ళెమా?

విద్యార్థులారా! అన్నం తింటూ "ఇక చాలు" అని మీరు ఎప్పుడు లేస్తారు? కడుపు నిండినప్పుడా? పళ్ళెం ఖాళీ అయినప్పుడా?

ఇదేం ప్రశ్న అనుకోకండి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్, లియన్ బిర్చ్ మొదలైన శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షించి, 2000వ సంవత్సరంలో ఫలితాలు ప్రకటించారు. పిల్లలకు ఒకే వంటకాన్ని ఒకసారి తక్కువగా, ఒకసారి మధ్యస్థంగా, ఒకసారి ఎక్కువగా వడ్డించారు. మూడేళ్ళ పిల్లలు ఎంత పెట్టినా ఇంచుమించు ఒకే పరిమాణంలో తిన్నారు. ఐదేళ్ళ పిల్లలు మాత్రం ఎక్కువ పెడితే ఎక్కువ తిన్నారు. చూశారా! చిన్నవాళ్ళు పొట్ట మాట విన్నారు, పెద్దవాళ్ళు పళ్ళెం మాట విన్నారు.

పొట్ట మాట్లాడుతుందా? మాట్లాడుతుంది! ఆహారం చేరి జీర్ణాశయపు గోడలు సాగగానే నాడులు మెదడుకు వార్త పంపుతాయి. చిన్నప్రేగులు విడుదల చేసే హార్మోన్లు కూడా "చాలు" అని చెబుతాయి. ఈ వార్త పూర్తిగా అందడానికి సుమారు 15-20 నిమిషాలు పడుతుంది. గబగబా మింగేవాడు వార్త అందేలోపే అవసరానికి మించి తింటాడు. సెల్‌ఫోన్ చూస్తూ తినేవాడు అందిన వార్తను గమనించడు. ఇలా రోజూ మిగిలే శక్తి కొవ్వుగా పేరుకుంటుంది. స్థూలకాయం వస్తే మధుమేహం, రక్తపోటు చిన్న వయసులోనే పొంచి ఉంటాయి.

కరువులు చూసిన మన సీమ పెద్దలు అన్నం పారేయడం పాపమంటారు. న్యాయమే. ఇక్కడ గడివేములలో మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడి "ఒక్క మెతుకు మిగలకూడదు" అని నేనూ ఎన్నోసార్లు గద్దించాను. చాలన్న పొట్ట నోరు నొక్కుతున్నానని అప్పుడు తోచలేదు. ఇప్పుడు "మొదట కొంచెమే పెట్టించుకో, ఆకలుంటే మళ్ళీ అడుగు" అంటున్నాను. అన్నం వృథా కాదు, పొట్ట మాటా పోదు.

మరి శీతల పానీయం సంగతి? 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే ఆరు చెంచాలు ఉంటుంది. రోజు మొత్తానికి చక్కెర 25 గ్రాములు దాటవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. పైగా నమిలే పని లేని పానీయంతో కడుపు నిండినట్టే ఉండదు. అదే గుప్పెడు ఉడికించిన శనగలైతే నమలాలి, సమయం పడుతుంది, ఆకలి తీరుతుంది.

ఒక్క హెచ్చరిక. ఇది చదివి ఎవరూ పస్తులుండకండి. మీది ఎదిగే వయసు. మన తరగతుల్లో చాలినంత తిండి లేక బక్కచిక్కినవారూ ఉన్నారు. లావుగా ఉన్న తోటివారిని వెక్కిరించకండి. శరీర బరువులో వంశపారంపర్యానికీ పాత్ర ఉంది.

ఈ రాత్రే ఒక ప్రయోగం చేయండి. ఫోన్, టీవీ పక్కనపెట్టి, నెమ్మదిగా నమిలి తినండి. మారు వడ్డించుకునే ముందు ఐదు నిమిషాలు ఆగండి. ఆకలి ఇంకా ఉందా, లేదా? వారం రోజులు నోటుపుస్తకంలో రాయండి. మీ పొట్ట మాట మీకే వినిపిస్తుంది!