మాఫీ: ఎవరి హక్కును ఎవరు వదులుకోగలరు?



సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు కురియుగాక!

మన నోట నిత్యం నలిగే మాట ‘మాఫీ’. రైతుల అప్పు రద్దయితే ‘రుణమాఫీ’ అంటాము. రాష్ట్రపతి గానీ గవర్నరు గానీ దోషి శిక్షను తొలగిస్తే ‘క్షమాభిక్ష’ అంటాము. గల్ఫ్ దేశాలలో వీసా గడువు మీరినవారిని జరిమానా లేకుండా స్వదేశానికి పంపితే ‘ఆమ్నెస్టీ’ అంటాము. ఈ మాటల భావమేమిటో, వాటి హద్దులేమిటో ఈ శుక్రవారం తెలుసుకుందాము.

‘మాఫీ’ అరబీ ధాతువైన ‘అఫ్వ్’ నుండి పుట్టి, ఫార్సీ, ఉర్దూల మీదుగా మన దఫ్తరు భాషలోకి వచ్చింది. ఇసుకపై పడిన అడుగుజాడలను గాలి చెరిపివేయడాన్ని అరబ్బులు ఈ ధాతువుతోనే చెబుతారు. ‘మగ్‌ఫిరత్’లో కప్పివేయడమనే భావముంది; యోధుని తలను కప్పే శిరస్త్రాణానికి ‘మిగ్‌ఫర్’ అనే పేరు అందుకే వచ్చింది. ఆమ్నెస్టీకి మూలమైన గ్రీకు పదానికి మరపు అని అర్థము. ‘క్షమాభిక్ష’లో మాత్రం ఇచ్చేవాని చేయి పైన, పుచ్చుకొనేవాని చేయి క్రింద కనిపిస్తాయి.

పాలకుని క్షమకు గొప్ప నిదర్శనం హిజ్రీ 8వ సంవత్సరపు (క్రీ.శ. 630) మక్కా విజయం. తమను ఏళ్ళ తరబడి హింసించిన ఖురైషీయులలో కొద్దిమంది తప్ప అందరినీ దైవప్రవక్త (స) ప్రతీకారం లేకుండా విడిచిపెట్టారు. వారికే ‘తులఖా’, అనగా విడుదల పొందినవారు, అని పేరు. వారిలోని సఫ్వాన్ బిన్ ఉమయ్యా భయంతో సముద్రతీరం వైపు పారిపోగా, ఆయనకు అభయం పంపారు. ఆలోచించుకోవడానికి ఆయన రెండు నెలల గడువు కోరితే నాలుగు నెలలు ప్రసాదించారు. తరువాత ఆయన ఇస్లాం స్వీకరించారు.

ఆ సఫ్వాన్ (రజి) మస్జిదులో నిద్రిస్తుండగా ఆయన వస్త్రాన్ని ఒకడు దొంగిలించాడు. దొంగను ప్రవక్త (స) సన్నిధికి తెచ్చారు. శిక్ష నిర్ణయమైన పిదప సఫ్వాన్ మనసు కరిగి, ఆ వస్త్రాన్ని అతనికే ఇచ్చివేస్తానన్నారు. తన వద్దకు తీసుకురాకముందే ఆ పని ఎందుకు చేయలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. వస్తువు సఫ్వాన్‌ది గనుక ఫిర్యాదుకు ముందు క్షమించే హక్కు ఆయనది. న్యాయస్థానానికి చేరిన తరువాత విషయం ఆయన చేతిలో లేదు.

దీనినుండి మనకొక సూత్రం లభిస్తుంది. ఎవరి హక్కును వారే వదులుకోగలరు. హత్య విషయంలో క్షమించే అధికారాన్ని దివ్య ఖుర్ఆన్ (2:178) హతుని వారసులకు ఇచ్చింది. ప్రభుత్వం తన జరిమానాను మాఫీ చేయగలదు. ఒకరి సొమ్మును మరొకరికి మాఫీ చేయజాలదు.

2024లో యు.ఏ.ఇ. ప్రభుత్వం సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు ఇట్టి అవకాశమిచ్చింది. నిజామాబాదు, జగిత్యాల, కడప ప్రాంతాల కుటుంబాలకు ఇటువంటి ప్రకటన ఎంత పెద్ద ఊరటయో మనకు తెలుసు. అయితే విమానమెక్కినవాడు తోటి కార్మికుని వద్ద తీసుకున్న చేబదులు ఆ ముద్రతో చెరిగిపోదు. అలాగే, జీతం ఎగవేసిన యజమాని బాకీ కూడా చెరిగిపోదు. కార్మికుడు దేశం విడిచి వెళ్ళినా, ప్రళయదినాన ఆ లెక్క తెరవబడుతుంది. అమరగతుడైన షహీదుకు సైతం అన్ని పాపాలు మన్నించబడతాయి గాని అప్పు మన్నించబడదని హదీసు బోధిస్తోంది.

మన ఇళ్ళలోనే మరొక మాఫీ ఉంది. భర్త మరణశయ్యపై ఉన్నప్పుడో, జనాజా లేవబోయేముందో, ఏడుస్తున్న భార్యను చుట్టుముట్టి “మహర్ మాఫీ చేశానని చెప్పమ్మా” అంటారు. పదిమంది ఎదుట ఆమె కాదనగలదా? స్త్రీలు మనస్ఫూర్తిగా వదులుకున్న మహర్ మాత్రమే పురుషునికి ధర్మసమ్మతమని దివ్య ఖుర్ఆన్ (4:4) స్పష్టం చేసింది. సిగ్గుతోనో, భయంతోనో పలికిన మాటలో ఆ మనస్ఫూర్తి ఎక్కడిది? మహర్ చెల్లించవలసిన రుణం. భర్త చనిపోతే ఆస్తిని వారసులు పంచుకొనకముందే దానిని తీర్చాలి.

కనుక సోదరులారా, జీవించి ఉండగానే లెక్క సరిచూసుకుందాము. బాకీ ఉంటే చెల్లిద్దాము; చెల్లించలేకపోతే గడువు అడుగుదాము. హక్కుదారు మరణించి ఉంటే వారసుల వద్దకు వెళదాము. మనకు రావలసి ఉన్నవాడు నిజంగా ఇబ్బందిలో ఉంటే గడువు ఇద్దాము. దానంగా వదలివేయడం ఇంకా మేలని ఖుర్ఆన్ (2:280) ప్రబోధిస్తోంది. క్షమించమని బలవంతపెట్టే అధికారం మనకు లేదు. క్షమించే భాగ్యం మాత్రం మనలో ప్రతి ఒక్కరికీ ఉంది.

అల్లాహ్ మన పాపాలను చెరిపివేయుగాక! ఇతరుల హక్కులను ఈ లోకంలోనే తీర్చే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.