నడివయసులో మళ్లీ స్కేట్‌బోర్డు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల పార్క్ విభాగంలో, అంటే గిన్నెలా లోతుగా వంపు తిరిగిన కాంక్రీటు కట్టడంలో స్కేట్‌బోర్డు మీద విన్యాసాలు చేసే పోటీలో, బ్రిటన్ తరఫున బరిలో దిగిన ఆండీ మక్‌డొనాల్డ్ వయసు 51 ఏళ్లు. అంతకు ముందు, ఈ క్రీడకు తొలిసారి ఒలింపిక్స్‌లో చోటు దక్కిన టోక్యోలో, డెన్మార్క్ క్రీడాకారుడు రూనె గ్లిఫ్‌బర్గ్, దక్షిణాఫ్రికాకు చెందిన డల్లాస్ ఒబర్‌హోల్జర్ 46 ఏళ్ల వయసులో పోటీపడ్డారు. అయితే వీరు దశాబ్దాల తరబడి ఈ క్రీడతోనే సాగినవారు కాగా, చిన్ననాట నేర్చి, ఉద్యోగ కుటుంబ బాధ్యతల్లో మానేసి, నలభై యాభై ఏళ్లకు మళ్లీ బోర్డెక్కే సామాన్యుల సంగతి వేరు.

అమెరికాలో ఇటువంటివారు ఎక్కువగా కనిపించడానికి ఈ క్రీడ చరిత్రే కారణం. 1950లలో కాలిఫోర్నియాలో మొదలైన స్కేట్‌బోర్డింగ్, 1970ల ఆరంభంలో ఫ్రాంక్ నాస్‌వర్తీ యూరథేన్ అనే ప్లాస్టిక్ తరహా పదార్థంతో చేసిన చక్రాలను తేవడంతో సాఫీగా, పట్టుగా సాగే క్రీడగా మారి, 1980లలో మరింత ఊపందుకుని, 1990ల ఆరంభంలో ఒక్కసారిగా చల్లబడింది. ఆనాటి కుర్రవాళ్లు ఇప్పుడు యాభైలలో ఉన్నారు. వారి యౌవనంలో దొరకని కాంక్రీటు స్కేట్‌పార్కులు ఇప్పుడు ఎన్నో ఊళ్లలో అందరికీ అందుబాటులో ఉన్నాయి.

తిరిగి వచ్చినవారికి ముందుగా కలిగేది ఆశ్చర్యం. చేతలతో అబ్బిన నైపుణ్యాలను భద్రపరిచే ప్రక్రియాస్మృతి మాటల్లో నేర్చిన విషయాల స్మృతికంటే గట్టిది కాబట్టి, ఏళ్ల తరబడి బోర్డు ముట్టని మనిషి కూడా కాలితో నేలను నెట్టి ముందుకు సాగడం, ఒంటిని వాల్చి మలుపు తిప్పడం త్వరలోనే అందుకోగలడు. కానీ అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది: మెదడు గుర్తుంచుకున్న విన్యాసం ఇరవై ఏళ్ల శరీరానిది, దాన్ని చేయవలసింది యాభై ఏళ్ల శరీరం. వయసుతో వేగంగా సంకోచించే కండర తంతువులు తగ్గి, తూలినప్పుడు నిలదొక్కుకునే శక్తి మందగిస్తుంది. ఎముకల సాంద్రత తగ్గుతుంది. పైగా సాధనకు కండరాలు కొన్ని వారాల్లో బలపడినా, వాటిని ఎముకలకు కలిపే టెండన్లు నెలల తరబడి సమయం తీసుకుంటాయి కనుక, ఒంట్లో సత్తువ వచ్చిందనిపించిన దశలోనే మడమ, మోకాలి దగ్గర గాయాలవుతాయి.

కాబట్టి పడటాన్ని కూడా ఒక విద్యగా తిరిగి నేర్వాలి. పడేటప్పుడు అరచేయి చాచి నేలకు ఆనించడం సహజం, కానీ ఆ తాకిడికి మణికట్టు దగ్గరి ఎముక విరిగే అవకాశం ఉంది. అందుకే గట్టి పట్టీలున్న మణికట్టు రక్షకాలు ధరించాలి. మోకాళ్లకు కట్టే ప్యాడ్ల ప్లాస్టిక్ చిప్ప వాలు మీద జారేందుకు ఉద్దేశించినది. దానిపై మోకాళ్లూని కిందికి జారిపోతే చాలా పతనాలు ప్రమాదరహితమవుతాయి. ఈ క్రీడకే తయారైన హెల్మెట్ తప్పనిసరి.

బోర్డు ఎంపికలోనూ వివేకం అవసరం. చక్రాల కాఠిన్యాన్ని ‘ఎ’ అనే కొలమానంపై సూచిస్తారు. 78 ప్రాంతపు మెత్తని చక్రాలు గరుకు రోడ్ల అదురును తగ్గించి కీళ్లకు ఊరటనిస్తే, 99 ప్రాంతపు గట్టి చక్రాలు నున్నని పార్కుల్లో బాగా జారతాయి. కాబట్టి వీధుల్లో సాధన మొదలుపెట్టేవారు మెత్తని చక్రాలతో సాగి, బోర్డుతో సహా గాలిలోకి ఎగిరే ఓలీ వంటి విన్యాసాలను తరువాతి దశకు విడిచిపెట్టడం మేలు.

గాలిలో రెండున్నర చుట్లు తిరిగే 900 విన్యాసాన్ని 1999లో 31 ఏళ్ల వయసులో సాధించిన టోనీ హాక్, 48వ ఏట మరోసారి చేసి చూపాడు. 2022లో తొడ ఎముక విరిగాక కూడా కోలుకుని బోర్డెక్కాడు. అంతటి విన్యాసం సామాన్యులకు లక్ష్యం కానక్కరలేదు. ఒంటికి తగిన వేగంతో, సాధనకూ సాధనకూ మధ్య విశ్రాంతితో సాగితే, శరీరం మీద నమ్మకం, సమతూకం, పార్కులో తమ పిల్లల వయసువారితో కలిసి ఆడే స్నేహం దక్కుతాయి. నడివయసులో పాత విన్యాసం ఒక్కరోజు చేసి చూపడం కంటే, వచ్చే వారం, వచ్చే ఏడు కూడా ఆడగలగడమే ఘనత.